చిన్న భారం

మా బావకు శాసనసభలో ఒక అలవాటు ఉండేది. అధికార పక్షం వాళ్ళెవరైనా లేచి "ఇది చాలా చిన్న భారం అధ్యక్షా" అనడం ఆలస్యం, కూర్చున్న చోటి నుంచి కదలకుండా, మైకు కూడా నొక్కకుండా, "ఎవరికి?" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. అరిచేవాడూ కాదు. పక్కింట్లో చేబదులు ఉప్పు అడిగినంత నెమ్మదిగా అడిగేవాడు. దానికి జవాబు చెప్పలేక గుటకలు మింగిన మంత్రుల్ని నేను చాలామందిని విన్నాను.

చూశాను అనడం లేదు, విన్నాను అంటున్నాను. నా ఉద్యోగం అలాంటిది. స్పీకర్ కుర్చీకి దిగువన, సభ మధ్యలో ఒక చిన్న బల్ల ఉంటుంది. అది మా రిపోర్టర్ల బల్ల. పత్రికల వాళ్ళం కాదు మేము. సభలో పలికిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, పైన మా గదిలో టైపు చేసి, రికార్డుకెక్కించే వాళ్ళం. తల ఎత్తితే ఒక మాట పోతుంది. అందుకని తల ఎత్తం. ఎవరు మాట్లాడుతున్నారో గొంతును బట్టి, దగ్గును బట్టి, కుర్చీ కిర్రుమనే తీరును బట్టి పోల్చుకుంటాం.

వంతులవారీగా కూర్చుంటాం. ఒకరు లేవకముందే రెండోవారు వచ్చి పక్క కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెడతారు. కాసేపు రెండు చేతులూ ఒకే మాటను రాస్తాయి. అతుకు దగ్గర మాట జారిపోకూడదని ఈ ఏర్పాటు. నా ముందు వంతు ఎప్పుడూ కామాగారిది. అసలు పేరు వేరే ఉంది గానీ, ఎంత గొడవలోనూ ఒక్క కామా వదలని మనిషి కనుక అందరం అలాగే పిలుస్తాం. ఆయనకూ అదే ఇష్టం.

అక్కా బావల ఇంట్లోనే వెనక గది నాది. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమని పోరిన వాళ్ళందరూ అలిసిపోయారు. బావ సభ్యుడయ్యాక నా మీద కొంత గుసగుస నడిచింది, మరదలు కదా, ఆయన మాటలకు మెరుగులు దిద్దుతుందని. అలా దిద్ది ఉంటే బావ ఎంత సంతోషించేవాడో. ఒకసారి స్పీకరును పట్టుకుని, ఎప్పుడో దిగిపోయిన పాత స్పీకరు పేరుతో పిలిచాడు. అలాగే రాశాను. సాయంత్రం ఇంట్లో నా వెంటపడ్డాడు.

"కాస్త దిద్దొచ్చు కదా మరదలా, పరువు పోయింది."

"తప్పులు తీసేస్తే ఇంకేం మిగులుతుంది బావా."

అక్క పడి పడి నవ్వింది. ఆ పేరు తడబాటు గురించి మళ్ళీ ఎన్నిసార్లు తలుచుకోవలసి వస్తుందో ఆ రోజు మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

అమ్మకపు పన్నును నూటికి ఒకటి పెంచుతామని ఆర్థికమంత్రి ప్రకటించినప్పుడు బావ మొదట పెద్దగా ఎగరలేదు. ఖజానా ఖాళీ అన్న సంగతి ఆయనకు తెలుసు. రోడ్లు వెయ్యాలి, బళ్ళకు కప్పులు వెయ్యాలి, డబ్బు చెట్లకు కాయదు అని తనే అనేవాడు. పట్టుబట్టింది ఒక్క మందుల దగ్గర. మిగతా అన్నిటి మీదా వేసుకోండి, మందుల జోలికి పోకండి అన్నాడు. సబ్బు కొనేవాడు ఒక సబ్బు తగ్గించుకుంటాడు, మందు బిళ్ళను సగం విరిచి మింగే వాళ్ళను మీరు చూశారా అని సభలో అడిగాడు. ఆ మాట నా చేత్తోనే రాశాను.

మంత్రీ, బావా ఒకే బడిలో చదువుకున్న వాళ్ళు. సభలో కత్తులు నూరుకున్నా, వెనక మెట్ల దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఒక సాయంత్రం బావ ఆ మెట్ల దగ్గర నుంచే నేరుగా ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా హాల్లో నిలబడి అక్కతో చెప్పాడట: "ఒప్పుకున్నాడే. మందులు తీసేస్తానన్నాడు. మాటిచ్చాడు." రెండోసారి అన్నం అడిగి వడ్డించుకున్నాడు, అక్కను ఆటపట్టించాడు, పడుకున్నాడు. తెల్లవారి లేవలేదు.

మంత్రి వచ్చాడు. అక్క రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మందుల మాట ఎత్తలేదు, అక్క అడగనూ లేదు. ఆ సమయంలో ఎవరు అడుగుతారు.

తర్వాత బిల్లు అచ్చయి వచ్చింది. అందులో మందులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. బావ పార్టీ వాళ్ళు పరామర్శకు వచ్చినప్పుడు అక్క ఆ సాయంత్రం సంగతి చెప్పింది. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మంత్రి అలాంటి మాట ఎవరికీ ఇవ్వలేదని, ఇచ్చే మనిషి కూడా కాదని, పెద్దాయన ఈమధ్య కాస్త ఏవేవో ఊహించుకుంటున్నారని, స్పీకరు పేరే మరిచిపోయారు కదా అని, ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళారు. మర్యాదగా చెప్పే వాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు.

ఆ రోజు నుంచి అక్కకు ఒకటే దిగులు. బావ పోయినందుకు కాదు, దాన్ని ఎలాగో మింగింది. ఆ చివరి సాయంత్రం నిజమా కాదా అన్నది ఆమెకు కావాలి.

"ఏమే, నిజం చెప్పు. మీ బావకు మతి తప్పిందా?" అని అడిగింది ఒక పొద్దున, కూరగాయలు తరుగుతూ. "అంత సంతోషంగా పడుకున్నాడే. లేనిది ఊహించుకుని పడుకున్నాడా?"

లేదక్కా అన్నాను. ఎలా తెలుసు అంది. నాకు తెలియదు.

బావ ఉపన్యాసాలు స్నానాల గదిలో సాధన చేసేవాడు, తన గొంతు మాకు వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పి. మాకు వినపడేది, అది వేరే సంగతి. ఇప్పుడు అక్క పొద్దున్నే లేచి ఆ కుళాయి తిప్పి వచ్చేస్తుంది. బకెట్టు నిండి, పొర్లి, నీళ్ళు గచ్చు మీద పారుతూ ఉంటాయి. నేను కట్టెయ్యబోతే ఉండనివ్వమంది. నీళ్ళ చప్పుడు వెనక ఆయన మాట్లాడుతున్నట్టే ఉంటుందట. వంటింట్లో నిలబడి విన్నాను. మొదటి రోజు నీళ్ళే. రెండో రోజు కూడా నీళ్ళేనని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత వినడం మానేశాను, ఎందుకంటే నా చెవులు ఎలాంటివో నాకు తెలుసు. గొడవలోంచి ఒక గొంతును ఏరుకోవడానికే ఇన్నేళ్ళు జీతం తీసుకున్నాను.

చర్చ రోజు సభ నిండుగా ఉంది. బావ కుర్చీ ఖాళీగా ఉందని తల ఎత్తకుండానే తెలిసింది. ఆ వైపు నుంచి కిర్రుమనే చప్పుడు లేదు. వాదనలు మామూలే. పెంచకపోతే జీతాలు ఇవ్వలేమని అటు, పెంచితే కొట్లు మూతబడతాయని ఇటు. పన్ను చేదు మందు లాంటిది, మింగక తప్పదని అధికార పక్షం నుంచి ఒకాయన అన్నాడు. అయితే దాని మీద కూడా పన్ను ఉంటుందా అని ఇవతలి నుంచి ఒకాయన. (నవ్వులు) అని రాశాను. బావ పార్టీ వాళ్ళు కూడా లేచి ఖండిస్తున్నాం అన్నారు గానీ, ఆ ఖండించడంలో పస లేదు. ఆ హాస్యం తప్ప మందుల మాట ఒక్కరూ ఎత్తలేదు.

చివర్లో జవాబు చెప్పడానికి మంత్రి లేచినప్పుడు బల్ల దగ్గర కామాగారు ఉన్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చుని కలం పెట్టాను. ఇద్దరం రాస్తున్నాం.

"ఇది చాలా చిన్న భారం అధ్యక్షా," అన్నాడు మంత్రి.

ఆగాడు.

సభ కూడా ఆగింది. అటువాళ్ళూ ఇటువాళ్ళూ అందరూ ఆ క్షణం దేనికోసమో ఆగారు, కాగితం చప్పుడు కూడా లేదు.

"అందరికీ," అన్నాడు మంత్రి. "అందరికీ సమానంగానే."

ఆ తర్వాత ఆయన ఎక్కడ ఆపాడో మరిచిపోయాడు. కాగితాలు తిరగేశాడు, నీళ్ళు తాగాడు. గ్లాసు బల్లకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. మిగతా ఉపన్యాసం గబగబా చదివేసి కూర్చున్నాడు. ఓటింగు మర్నాటికి వాయిదా పడింది.

పైకొచ్చి మా గదిలో టైపు చేయడానికి కూర్చున్నాను. నా షార్ట్‌హ్యాండ్ నేనే చదువుకుంటూ కొడుతున్నాను. 'చిన్న భారం అధ్యక్షా' తర్వాత, ఇంకో వరుసలో, బావ పేరుకు మేం వాడే గుర్తు, దాని పక్కన ఒక మాట. ఎవరికి?

నా చెయ్యే రాసింది. ఎప్పుడు రాసిందో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ మాట వెనక ఈ మాట రాసి రాసి అలవాటు పడిన చెయ్యి, యజమానిని అడగకుండా రాసేసి ఉంటుంది. అలా సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను గానీ, ఆ వరుసనే మళ్ళీ మళ్ళీ చదివాను. ఎదురుగా కామాగారు టైపు ఆపి నా వైపే చూస్తున్నారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. తన కాగితం నా ముందుకు జరిపారు. అక్కడ కూడా అదే గుర్తు, అదే మాట. ప్రశ్న గుర్తు కూడా పెట్టారు, ఆయన కదా మరి.

ఇద్దరం కలిసి సభ రికార్డింగు విన్నాం. బావ మైకు నొక్కేవాడు కాదు కనుక ఆయన మాట ఎప్పుడూ దూరంగా, మంత్రి మైకులో పడ్డంత మాత్రమే పడేది. కానీ పడేది. హెడ్‌ఫోన్లు చెవులకు అదిమిపట్టుకుని విన్నాం. చిన్న భారం అధ్యక్షా. తర్వాత ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. అందరికీ. మళ్ళీ విన్నాం. ఫ్యాను చప్పుడే.

"వయసు మీద పడుతోందమ్మా మనకి," అన్నారు కామాగారు. నవ్వాలని చూశారు, రాలేదు.

మా విభాగంలో నియమం స్పష్టంగా ఉంది. రాతకూ రికార్డింగుకూ తేడా వస్తే రికార్డింగుదే పైచేయి. కామాగారు తన కాగితంలో ఆ వరుస కొట్టేశారు. నేను నా దాంట్లో కొట్టేశాను. అనని మాటను అన్నట్టు రాయడం మా పనిలో పాపం. అందులోనూ పోయిన మనిషి, అందులోనూ సొంత బావ. కొట్టేస్తున్నప్పుడు మాత్రం ఆయన్ని నోరు మూసుకోమన్నట్టే అనిపించి, కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

ప్రతి సభ్యుడికీ తన ఉపన్యాసం టైపు ప్రతి వెళుతుంది. తను అన్న మాటల్లో తప్పులుంటే దిద్దుకోవచ్చు. ఇతరుల మాటలు ముట్టుకోకూడదు. మంత్రికి ప్రతి పంపిన కాసేపటికే ఆయన ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, రాసినవాళ్ళు ఎవరో రమ్మని. కామాగారు కుర్చీలోంచి కదలలేదు. నేనే వెళ్ళాను.

మంత్రి ఒక్కడే ఉన్నాడు. అద్దం పరిచిన పెద్ద బల్ల, దాని మీద నా టైపు కాగితం, పక్కన మూత తీసిన కలం. కూర్చోమన్నాడు. నేను నిలబడ్డాను.

"ఇక్కడ ఒక మాట పోయిందమ్మా," అన్నాడు, వేలు పెట్టి చూపిస్తూ. "నేను అందరికీ అన్నాను. ఊరికే ఎందుకంటాను? దానికి ముందు ప్రశ్న ఏదీ?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అంతగా భయపెట్టిన మాట ఇంకొకటి లేదు.

"రికార్డింగులో లేదు సార్."

"లేదా?"

"లేదు సార్. ఫ్యాను చప్పుడే ఉంది."

ఆయన వెనక్కి వాలాడు. ఊపిరి పీల్చుకున్నాడని నాకు తెలిసింది. లేదన్నమాట అని తనలో తను అనుకున్నాడు. అక్కడితో సరేనని వచ్చేస్తే పోయేది. కానీ అబద్ధం రాయని దాన్ని, సగం నిజం మాత్రం ఎందుకు చెప్పాలి అనిపించింది.

"నా కాగితంలో ఉంది సార్. నా పక్కన రాసినాయన కాగితంలో కూడా ఉంది. ఇద్దరం కొట్టేశాం."

ఆయన నన్ను చూశాడు. నేను కూడా మొదటిసారి తల ఎత్తి ఆయన్ని నిదానంగా చూశాను. ఆయన ఇంటికొచ్చిన రోజు నేను అక్కను తప్ప ఎవర్నీ చూడలేదు. గొంతును బట్టి పెద్ద మనిషి అనుకునేదాన్ని, చూస్తే చిన్న మనిషి. కళ్ళ కింద నలుపు. రాత్రుళ్ళు నిద్రపోతున్న మొహం కాదు.

సభ్యులతో సభ పని గురించి మేం మాట్లాడకూడదు. ఎప్పుడూ మాట్లాడలేదు, ఆ స్పీకరు పేరు వేళాకోళం తప్ప, ఇంట్లో బావతో కూడా. ఆ నియమం ఆ రోజు నేనే తప్పాను. మా అక్క కుళాయి కట్టెయ్యడం లేదు, నేనేం చెయ్యను.

"మా బావకు మాటిచ్చారా సార్? మందుల గురించి, వెనక మెట్ల దగ్గర?"

ఏసీ చప్పుడు వింటూ నిలబడ్డాను. నేను మెట్ల సంగతి ఎవరి ద్వారా విన్నానో ఆయన ఆలోచిస్తున్నాడని అర్థమైంది. చివరికి, నాతో కాదన్నట్టుగా, అన్నాడు: "అప్పుడు అక్కడ మేమిద్దరమే ఉన్నాం."

ఇవ్వలేదనలేదు. నేను ఆ మాటను మనసులోనే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాను.

తర్వాత కలం తీసుకున్నాడు. ప్రశ్నను ఎక్కించమంటాడేమో అనుకున్నాను, ఆశపడ్డాను కూడా. ఆయన తన మాటల మీదికే వంగాడు. 'అందరికీ, అందరికీ సమానంగానే' అన్న వరుసను, ఒక అక్షరం కూడా కనపడకుండా, మెల్లగా, నిండుగా కొట్టేశాడు. తన మాట తను దిద్దుకునే హక్కు ఆయనకుంది.

"ఇప్పుడు సరిపోయింది," అని కాగితం నాకిచ్చాడు. నాకు కోపం రావలసింది. వచ్చింది కూడా, మెట్లెక్కి మా గదికి చేరేసరికి, ఒళ్ళంతా మండింది.

మర్నాడు ఓటింగుకు ముందు మంత్రి నాలుగు మాటలు మాట్లాడాడు. నా వంతు అదే. ఈ భారం తప్పదు అన్నాడు, ఈ భారాన్ని అర్థం చేసుకోండి అన్నాడు. 'చిన్న' అన్న మాట ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. ఆ మాట రావలసిన చోట ప్రతిసారీ కాస్త తడబడి దాటేశాడు, గచ్చు మీద నీళ్ళున్న చోట కాలు పెట్టకుండా దాటినట్టు.

స్పీకరు మూజువాణి ఓటుకు పెట్టాడు. అవునన్నవాళ్ళు అవునన్నారు. కాదన్నవాళ్ళు కాదన్నారు. కాదన్న గొంతుల్లో మా బావ గొంతు కోసం వెతికాను. దేవుడి సాక్షిగా వెతికాను. పన్నూ, మందుల మీద పన్నూ, అన్నీ నెగ్గాయి. బావ గొంతు మాత్రం లేదు. బిల్లు ఆమోదించడమైనది అని రాసి లేచాను.

ఇంటికి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. వీధిలోకి నీళ్ళ చప్పుడు వినపడుతోంది. అక్క వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది, చేతిలో పనేమీ లేకుండా. నన్ను చూసి బిల్లు సంగతి అడగలేదు. టీవీలో చూసే ఉంటుంది.

"అక్కా, మాటిచ్చాడు," అన్నాను. "మెట్ల దగ్గరే. బావ చెప్పినట్టే."

"ఎవరు చెప్పారు?"

"వాడే. తన నోటితోనే."

"ఇచ్చి?"

"తప్పాడు."

అక్క నా మొహంలోకి చూసింది. నేను అబద్ధం ఆడితే చిన్నప్పటి నుంచీ ఇట్టే పట్టేస్తుంది.

"అయితే మీ బావకు మతి బాగానే ఉంది," అంది.

లేచి స్నానాల గదిలోకి వెళ్ళింది. కుళాయి బిగుసుకుపోయినట్టుంది, రెండు చేతులతో తిప్పడం కనిపించింది. నీళ్ళు సన్నగిల్లి, చుక్కలై, ఆగాయి. ఇన్ని రోజుల తర్వాత ఇల్లు నిశ్శబ్దమైంది. ఇద్దరం చెవులు రిక్కించి నిలబడ్డాం. ఏమీ లేదు.

అప్పుడు ఏడ్చింది మా అక్క, వీధిలోకి వినపడేలా.